రాతి పరీక్ష: రైతు సంఘముల కర్తవ్యము

తొలకరి వానలు కురిసి దుక్కులు సాగు దినములలో, విత్తనములకును ఎరువులకును అప్పులకును సంఘ కార్యాలయమునకు వచ్చు సభ్యులతోపాటు, గుడ్డమూటలో ఒక రాతిని కట్టుకొని వచ్చువారును ఏటేట ఒకరిద్దఱు కనబడుచుందురు. నాగటిచాలులో మెఱసినదని యొకరు, బావి త్రవ్వుచుండగా బయటపడినదని మఱియొకరు ఆ మూటను విప్పి, "ఇది యేమి రాయి? దీనికి వెల యేమైన కలదా?" యని అడుగుదురు. సాధారణముగా వారికి దొరకు సమాధానము ఒక నవ్వు మాత్రమే. ఆ నవ్వు తగదనియు, ఆ ప్రశ్నకు బదులు చెప్పు శక్తిని సంఘమే సంపాదించుకొనవలయుననియు నా యభిప్రాయము. అందుకు గల కారణములను సభ్యుల యెదుట నుంచుచున్నాను.

గడచిన యేడు మా సభ్యులలో నొకరికి చేనిగట్టున గోలీకాయంత తెల్లని రాయి దొరకెను. దానితో అద్దముపై గీయగా గీత పడెను. అద్దమును గీచునది వజ్రమేయని ఆయన చిన్ననాటినుండి విన్నమాట. ఇక నిలువలేక, ఇంటివారికిని సరిగా చెప్పక, కలుపుతీత నడుమ ఆపి హైదరాబాదునకు బయలుదేరెను. ఆయన కుమారుడు అమీరుపేటలో హాస్టలులో నుండి కంప్యూటరు శిక్షణ పొందుచున్నాడు. మన పల్లెల బిడ్డలు అనేకులు అచటనే యున్నారు గదా! ఆ గదిలో దిగి, అచటినుండి పంజాగుట్ట వఱకును గల నగల దుకాణములు మూడు దినములు తిరిగెను. ఒకచోట చేతబట్టకయే త్రిప్పి పంపిరి. ఒకచోట లోపలికి గొనిపోయి కొంతసేపటికి తెచ్చి యిచ్చిరి. తెచ్చి యిచ్చినది తన రాయియేనా యను అనుమానము ఆయనను నేటికిని విడువలేదు. త్రోవలో తగిలిన బేరగాడొకడు రెండువేల రూపాయల కిమ్మని అడుగగా, వీడింత తొందరపడుచున్నాడేమని ఆయన యాశ మఱింత పెరిగెను. తుదకు కుమారుని గదిలో నుండు యువకుడొకడు, భూగర్భశాస్త్రము చదివినవాడు, నీటిగిన్నెయు దారమును చిన్న త్రాసును పుచ్చుకొని పావుగంటలో అది పలుగురాయి యని తేల్చెను. "రాయి పలుగైనందుకు నాకు విచారము లేదు, పావుగంటలో తేలెడిదానికి మూడు దినములును కలుపుతీతయును పోగొట్టుకొంటినే" యని ఆయన నాతో ననెను. ఈ వ్యాసమునకు ఆ మాటయే మూలము.

ఆయన చేసిన పొరపాటు ఒక్కటే. వజ్రము అద్దమును గీచునన్నమాట నిజము. అద్దమును గీచునదెల్ల వజ్రమన్నమాట అబద్ధము. 1812వ సంవత్సరమున మోస్ అను జర్మను పండితుడు రాళ్ల గట్టిదనమును పది మెట్లుగా అమర్చెను. మొదటి మెట్టున బలపపురాయి, రెండవదాన జిప్సము, మూడవదాన సున్నపురాతియందలి కాల్సైటు, ఏడవదాన పలుగు, తొమ్మిదవదాన కురువిందము, పదవదాన వజ్రము నుండును. మన గోరు రెండున్నర మెట్టు; రాగితీగె మూడు; అద్దము అయిదున్నర; మంచి ఉక్కుకత్తి అయిదున్నరనుండి ఆఱున్నర. పై మెట్టుది క్రింది మెట్టుదానిని గీచును. కావున ఏడవ మెట్టు పలుగు సైతము అద్దమును సునాయాసముగా గీచును. మన యెఱ్ఱచల్క చేలలో పలుగు లేని చేను లేదు. ఈ యొక్క సంగతి తెలిసియున్నచో ఆ సభ్యుడు ఇల్లు కదలవలసిన పనియే లేదు.

అట్లని ఆయన యాశ వట్టి వెఱ్ఱి యని నేను చెప్పను. 1725 ప్రాంతమున బ్రెజిలు దేశమున వజ్రములు బయలుపడు వఱకును లోకమునకు వజ్రముల నిచ్చినది ముఖ్యముగా మన దేశమే. గోలకొండ వజ్రములని పేరొందినవి గోలకొండలో త్రవ్వినవి కావు. అది అమ్మకపు పట్టణము. త్రవ్వినది కృష్ణాతీరమున కొల్లూరు మొదలగు చోట్ల. 17వ శతాబ్దమున వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కొల్లూరు గనిలో 60,000 మంది పనిచేయుచుండిరని వ్రాసెను. ఆ కొల్లూరు నేడు పులిచింతల జలాశయపు నీటిలో మునిగియున్నది. అనంతపురము జిల్లా వజ్రకరూరు ప్రాంతమున పూర్వకాలమున భూగర్భమునుండి ఉబికివచ్చిన కింబర్లైటు అను రాతిగొట్టములు కలవు. అట్టి రాతితో పైకి వచ్చిన వజ్రములు అది చివికి మన్నైనకొలది విడివడి, వాగులవెంట కొట్టుకొనిపోయి గులకరాళ్లలో కలిసెను. వాన కురిసి పైమన్ను కడిగినపుడు రాళ్లు తళుక్కున మెఱయును. అందుచేతనే వజ్రకరూరునందును, కర్నూలు జిల్లాలోని తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి ప్రాంతములందును ప్రతి తొలకరికి జనము గుంపులుగా చేరి చేలలో వెదకుచుందురు.

ఆ వెదకులాటలో రైతు పడు కష్టము రెండు విధములు. విత్తిన చేను వచ్చిపోవువారి కాళ్లక్రింద నలుగును. చేనిలో దిగరాదని బోర్డులు పాతుకొనువారును కలరు. ఇది మొదటిది. దొరకినవానికి రాయి యొక్క గుణము తెలియదు, కొనువానికి తెలియును, బేరము రహస్యముగా జరుగును, రసీదుండదు, సాక్షియుండడు. ఇది రెండవది. ఒకనికి సర్వము తెలిసి, మఱియొకనికి ఏమియు తెలియని బేరమున తెలియనివాడు బాగుపడుట ఎచటనైనను కలదా? పత్తిని దళారి చేతికి ఒంటరిగా అప్పగింపక, తూకము చూపి, నాణ్యము చూపి అమ్ముటకే గదా మనము సంఘముగా కూడినది! పత్తి విషయమున పనికివచ్చిన నీతి రాతి విషయమున ఏల పనికిరాకపోవలయును?

"మన బంగారము మంచిదైన కంసాలి యేమి చేయును" అని సామెత. మంచిదగునో కాదో ముందు మనకు తెలియవలయును గదా! అందుకు కంసాలి చేయు పనియే మనకును దారి చూపును. ఆయన బంగారమును గీటురాతిపై గీచి గీత రంగును చూచును. రాళ్లపరీక్షలో మొదటి పాఠము అదియే. గోడల కంటించు పింగాణి పలక వెనుకవైపు మెఱుగులేక గరుకుగా నుండును. దానిపై రాతిని గీయుడు. బంగారము పచ్చని బంగారు గీత నిచ్చును. బంగారమువలె మెఱయు గంధకపు ఇనుపరాయి, అనగా పైరైటు, నలుపుతో కలిసిన ఆకుపచ్చ గీత నిచ్చును. హెమటైటు అను ఇనుపరాయి పైకి ఎంత నల్లగా నున్నను ఎఱ్ఱని గీతనే యిచ్చును. మాగ్నటైటు నల్లని గీత నిచ్చి అయస్కాంతమునకు అంటుకొనును. ఇక కాకిబంగారము, అనగా అభ్రకము, గోటితో పొరలు పొరలుగా లేచును. బంగారము అట్లు లేవదు.

రెండవది గట్టిదనము, పైని చెప్పితిని. గోరు, రాగితీగె, అద్దపుముక్క, ఉక్కుకత్తి, ఒక పలుగుముక్క, ఒక కురువిందపు ముక్క యుండిన చాలును. మూడవది పులుసు పరీక్ష. పలుచని హైడ్రోక్లోరికు ఆమ్లమును ఒక చుక్క వేసినచో సున్నపురాయి బుసబుస పొంగును, పలుగు పొంగదు, డోలమైటు పొడిచేసినగాని సరిగా పొంగదు. ఆమ్లము లేనిచోట నిమ్మరసముతోను నెమ్మదిగా తెలియును.

నాల్గవది బరువు పరీక్ష. ఇది రాతికి గీతయైనను పడనీయక నిజము చెప్పును గావున అన్నిటికంటె మేలైనది. గ్రాములో నూఱవ వంతు చూపు చిన్న త్రాసుపై మొదట రాతిని తూచుడు. పిదప నీటిగిన్నెను త్రాసుపై నుంచి, అంకెను సున్నకు తెచ్చి, రాతిని దారముతో కట్టి, అడుగు తాకకుండ నీటిలో వ్రేలాడదీయుడు. అప్పుడు త్రాసు చూపు అంకెచే మొదటి బరువును భాగింపుడు. మన సభ్యుని రాయి 5.30 గ్రాములు, నీటిలో వ్రేలాడదీసినపుడు త్రాసు 2.00 చూపెను. భాగించిన 2.65 వచ్చినది. అది పలుగు అంకె. వజ్రమైనచో 3.52 రావలెను. ముగ్గురాయి 4.5, గంధకపు ఇనుపరాయి 5, సీసపు రాయి 7.5, శుద్ధమైన బంగారము 19.3 చూపును.

ఇచట నొక హెచ్చరిక యవసరము. ఏ యొక్క పరీక్షను నమ్మి తీర్పు చెప్పరాదు. పుష్యరాగమునకును 3.5 ప్రాంతపు అంకెయే వచ్చును. కాని దానిని కురువిందము గీచును, వజ్రమును గీయలేదు. రెండు మూడు పరీక్షలు ఒకే మాట చెప్పినపుడే నమ్మవలయును. మఱియు వజ్రమును సుత్తితో కొట్టి చూడరాదు. నిజమైన వజ్రము సుత్తిని, దాగలిని పగులగొట్టునని రోముదేశపు ప్లీనీ మొదటి శతాబ్దమున వ్రాసినమాట శుద్ధ తప్పు. గీతకు లొంగని వజ్రము దెబ్బకు పగులును. వెల యుండెడి రాతిని పరీక్ష పేర ముక్కలు చేసికొనుటకంటె అవివేకము లేదు.

ఈ విద్యకు పాఠశాల యెచటనని అడుగువారికి, బిడ్డలను చూడబోయినపుడు అమీరుపేటనుండి పంజాగుట్ట వఱకు ఒకసారి కన్నులు తెఱచి నడువుడని చెప్పుదును. పంజాగుట్ట పేరులోనే గుట్ట యున్నది. ఆ ప్రాంతమంతయు రమారమి 250 కోట్ల యేండ్లనాటి గ్రానైటు రాతిపై నిలిచియున్నది. కొత్త భవనమునకు పునాది త్రవ్వుచోట కంచె వెలుపలనుండి తొంగిచూచిన, పైన ఎఱ్ఱమన్ను, దానిక్రింద మొరం, దానిక్రింద చివికిన రాయి, అడుగున గట్టిరాయి వరుసగా కనబడును. మన బావిలో నున్న వరుసయు అదియే. పగిలిన రాతిముక్కలో గులాబి రంగుది ఫెల్స్పారు, బూడిదరంగు గాజువంటిది పలుగు, నల్లగా మిలమిలలాడునది అభ్రకము. దుకాణముల మెట్లకు పఱచిన బండలను చూడుడు. గోధుమవన్నె చుక్కలది కరీంనగరు ప్రాంతపు గ్రానైటు. కాటుకవంటి నలుపులో కంచురంగు చుక్కలు మెఱయునది ప్రకాశము జిల్లా చీమకుర్తిది. ఆ చుక్కలు బంగారు రవ్వలు కావు, బ్రాంజైటు అను ఖనిజము. కాలిక్రింది తాండూరు బండ సున్నపురాతి జాతిది. నిమ్మరసపు చుక్క వేసి చూడవచ్చును. ఇంకను చూడగోరువారు హబ్సిగూడ దగ్గఱనున్న జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థలో 2022వ సంవత్సరమున తెఱచిన రాతి ప్రదర్శనశాలను చూడవచ్చును. దేశపు నానాప్రాంతములనుండి తెచ్చిన రమారమి 35 జాతుల రాళ్లు అచట ఆరుబయట నిలుపబడినవి.

వజ్రము మాట యట్లుండనిండు. రాతిని గుర్తించుటవలన రైతునకు నిత్యము కలుగు లాభము వేఱొకటి కలదు. నా దృష్టిలో అదియే ముఖ్యము. మన గ్రానైటు నేలలలో గట్టిరాతియందు నీరు నిలువదు. చివికిన పొరయందును, రాతి పగుళ్లయందును మాత్రమే నిలుచును. బోరు వేయునపుడు పైకి వచ్చు పొడిని చూడనేర్చినవాడు, చివికిన పొర యెచట ముగిసెనో, గట్టిరాయి యెచట మొదలయ్యెనో తెలిసికొనును. పగుళ్ల జాడలేని గట్టిరాతిలో ఇంకను దిగుటకు అప్పుతెచ్చి పోయుట కొండను త్రవ్వి ఎలుకను పట్టుటకంటెను హీనము, ఎలుకయైనను దొరకదు. చేలకు అడ్డముగా గోడవలె సాగు నల్లని డోలరైటు రాతికట్ట కొన్నిచోట్ల భూగర్భజలమునకు ఆనకట్టవలె నిలుచును. అట్టిచోట ఎగువవైపు నీరుండి దిగువవైపు లేకపోవచ్చును. పొలమునందలి రాతికట్టలు, పలుగుచాళ్లు ఎచటెచట నున్నవో సంఘము పటముపై గుర్తించియుంచినచో ఎన్ని బోర్ల ఖర్చు మిగులునో సభ్యులే యోచింపవచ్చును.

ఎరువుల విషయమునను ఈ విద్య పనికివచ్చును. వేరుసెనగకును చౌడునేలలకును మనము జిప్సము బస్తాలు కొనుచున్నాము. జిప్సము రాతిముక్క గోటితో గీచిన గీత పడును. పులుసు వేసిన పొంగదు. బస్తాలోని పొడి పులుసు తగులగానే విశేషముగా పొంగినచో, అందు సున్నపురాతి పొడి కలిసియుండునని యనుమానించి పరీక్షశాలకు పంపవలయును. ఒక చుక్కతో నూఱు బస్తాల సంగతిపై అనుమానము పుట్టింపగల విద్య చిన్నవిద్య యగునా?

అయితే ఈ విద్యకును హద్దు కలదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియము గల రాయి డోలమైటు జాతిదే. కంటికి సామాన్యముగానే యుండును. నల్లగొండ జిల్లాలో గ్రానైటునందలి ఫ్లోరిను గల ఖనిజములవలన నీటిలో ఫ్లోరైడు చేరి తరతరముల ఎముకలను వంచినది; లీటరునకు 1.5 మిల్లిగ్రాములు మించరాదను హద్దు దాటెనో లేదో రాతిని చూచి చెప్పజాలము, నీటిని పరీక్షింపవలసినదే. కన్ను ఆగినచోట శాస్త్రజ్ఞుని అడుగవలయును. అమీరుపేటను ఆనుకొనియున్న బేగంపేటలో, 1949వ సంవత్సరమున మొదలైన అణుఖనిజ అన్వేషణశాఖ ప్రధాన కార్యాలయమున్నది. 1851వ సంవత్సరమున స్థాపితమైన భారత భూగర్భ సర్వేశాఖ దక్షిణప్రాంత కార్యాలయము బండ్లగూడలో నున్నది. ఇవి రాళ్లకు వెలకట్టు దుకాణములు కావు. కాని ఒంటరి రైతు గుమ్మమెక్కుటకు జంకు కార్యాలయములకు సంఘము తీర్మానముతో వ్రాసి విచారింపగలదు.

"ఇది పండితుల పని, మనకేల?" అని కొందఱందురు. 1871వ సంవత్సరమున ఇల్లెందు సమీపమున బొగ్గును గుర్తించినవాడు భూగర్భ సర్వేశాఖకు చెందిన డాక్టరు కింగు. అది నిజమే. కాని భద్రాచలము పోవు యాత్రికులు పొయ్యికి పెట్టిన రాళ్లు అంటుకొని మండుటచే బొగ్గు సంగతి ముందుగా బయటపడెనని ఆ ప్రాంతమున చెప్పుకొందురు. కథ యెట్టిదైనను నీతి నిజము. పండితుడు ఏటికొకసారి వచ్చు చేనిలో రైతు దినదినమును తిరుగును. మొదట చూచు కన్ను రైతుదే. ఆ కంటికి కొంత చదువు చెప్పుటయే మన పని.

"ఇది ఆశను రేపి సేద్యమును చెఱచును" అని మఱికొందఱి యాక్షేపణ. దీనిని నేను తేలికగా త్రోసివేయను. వానకాలమున పనులు మాని రాళ్ల వెంట పడినవారు కలరు. కాని వారిని చెఱచినది విద్య కాదు, అవిద్య. పలుగును పలుగని తెలిసినవాడు ఆ రాతిని గట్టున పాఱవైచి నాగలి పట్టును. తెలియనివాడే మూటకట్టుకొని ఊళ్లు తిరుగును.

చట్టము మాటయు చెప్పవలయును. 1957వ సంవత్సరపు గనుల, ఖనిజముల చట్టము ననుసరించి అనుమతి లేక ఖనిజాన్వేషణకుగాని, గని త్రవ్వకమునకుగాని పూనుకొనరాదు. కేరళ మలబారు ప్రాంతపు భూస్వాములు తెచ్చిన వ్యాజ్యెమున సుప్రీముకోర్టు 2013వ సంవత్సరమున, భూమిలోని ఖనిజములన్నియు సర్కారువేయని చెప్పు చట్టము లేదనియు, సామాన్యముగా అవి భూమి స్వామిత్వము ననుసరించుననియు తీర్పు చెప్పెను. అయినను హక్కు వేఱు, అనుమతి వేఱు. చేనిలో గోతులు త్రవ్వి చిక్కులు తెచ్చుకొనుమని నేను చెప్పుటలేదు. ఉన్న రాతిని గుర్తెఱుగుమనియే చెప్పుచున్నాను.

కావున మన సంఘముల ముందు మూడు సూచనల నుంచుచున్నాను. మొదటిది, ప్రతి సంఘమునందును ఒక రాతిపరీక్ష పెట్టె యుండవలయును: భూతద్దము, అయస్కాంతము, పింగాణి పలక, అద్దపుముక్క, ఉక్కుకత్తి, రాగితీగె, పలుగు, కురువిందము, చిన్న త్రాసు, పిల్లల చేతికందని చోట ఆమ్లపుసీసా, గుర్తులు వ్రాసిన స్థానికపు రాళ్లు పదునైదో ఇరువదియో. ఇది పెద్ద ఖర్చు కాదు. రెండవది, తెచ్చిన ప్రతి రాతికిని ఒక పుస్తకమున సర్వే నెంబరు, బరువు, పరీక్షల ఫలితము వ్రాసి, ఫోటో తీసి, తెచ్చినవారికి నకలు నీయవలయును. తరువాత ఎవరి చేతికిచ్చినను రాయి మాఱినదను అనుమానముండదు. మూడవది, పరీక్షలో వింతగా తోచిన రాతిని ఏ సభ్యుడును ఒంటరిగా బేరమునకు పెట్టక, సంఘము ద్వారా సర్కారుశాఖను విచారించిన పిదపనే ముందునకు పోవుదునని సర్వసభ్యసమావేశమున ఒప్పుకొనవలయును.

పై సభ్యుడు తన పలుగురాతిని పాఱవేయలేదు. సంఘము పెట్టె యేర్పడినచో అందు మొదటి నమూనాగా నుంచుమని నాకు ఇచ్చిపోయెను. అది ప్రస్తుతము నా బల్లపై కాగితములమీద బరువుగా నున్నది. దాని చోటు అది కాదు. రాబోవు సమావేశమున సభ్యులు ఈ విషయమును ఆలోచించి, దానికి తగిన పెట్టెను చేయింతురుగాక.